ఏసీ మిర్చి, ఎర్ర ఇటుకలు

వరంగల్‌లో ఎక్కి, మధ్యలో ఎక్కడా మారకుండా అహ్మదాబాద్‌లో దిగాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నైలో బయల్దేరి నెల్లూరు, విజయవాడ, ఖమ్మం దాటుకుంటూ సాయంత్రానికి మన దగ్గరికొస్తుంది. రాత్రంతా మహారాష్ట్రలో నడిచి, మర్నాడు సాయంత్రానికి గుజరాత్‌లో దించుతుంది. స్టేషన్‌కి దింపడానికొచ్చిన బావ బోగీ మీద పేరు చూసి, "నవజీవన్ అంట. మీ అక్కకు సరిపోయే బండే" అని నవ్వాడు. ఆ నవ్వులో సగం సరదా, సగం భయం.

భయం ఎందుకంటే, అక్కకి 35 ఏళ్లు. తొమ్మిదేళ్ల పాప ఉంది. పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం ఉంది. ఇప్పుడు ఐఐఎం అహ్మదాబాద్‌లో ఏడాది ఎంబీయేకి అప్లై చేయాలనుకుంటోంది. అప్లై చేసేముందు ఒకసారి ఆ చోటు చూసి రావాలంది. "వెబ్‌సైట్‌లో అన్నీ ఉన్నాయి కదక్కా" అంటే, "బస్తాలో చెయ్యి పెట్టకుండ రేటు ఎట్ల చెప్తరురా?" అంది.

అక్క పనిచేసేది ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో. కాకతీయ యూనివర్సిటీలో బీకాం అయ్యాక లెక్కలు రాయడానికి చేరింది, ఇప్పుడు మేనేజర్. లక్ష బస్తాల మిర్చి ఆమె చేతి మీదుగా లోపలికెళ్లి బయటికొస్తుంది. నేనేమో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. 28 ఏళ్లు. బీటెక్, కోడింగ్, క్యాబ్, వీకెండ్. నా టీమ్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు ఎంబీయే గురించి మాట్లాడతారు, ఆ వెంటనే "ఇంక లేటయిపోయింది బ్రో" అని ముగిస్తారు. 28కే! అందుకే అక్క అడగ్గానే లీవ్ పెట్టేశాను. లేటు అంటే ఏంటో నాక్కూడా చూడాలనిపించింది.

రైల్లో తీసిన లెక్క

బల్లార్షా దాటాక సర్వపిండి డబ్బా తెరిచాం. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న నోటుబుక్ తీసింది.

మిర్చి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. జనవరి నుంచి కొత్త పంట మార్కెట్‌కొస్తుంది. రేటు బాగుంటే రైతు అమ్మేస్తాడు. లేదంటే కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. మార్కెట్‌లో దాన్ని 'ఏసీ సరుకు' అంటారు. కానీ పెట్టడం ఊరికే కాదు. బస్తాకి అద్దె ఉంటుంది. ఆ సరుకు మీద తెచ్చుకున్న అప్పుకి వడ్డీ ఉంటుంది. తూకం కొంచెం తగ్గుతుంది. ఇవన్నీ కలిపినదానికంటే రేటు ఎక్కువ పెరిగితేనే పెట్టినందుకు లాభం. అక్క రోజూ రైతులకి చెప్పే లెక్క ఇదే.

ఆ రాత్రి అదే లెక్క తన మీద వేసుకుంది. అహ్మదాబాద్‌లో ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ల కోసం నడిపే ఏడాది కోర్సు పేరు పీజీపీఎక్స్. ఫీజు 30 లక్షలకు పైనే. ఆ ఏడాది జీతం రాదు. 30 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకి కట్టాల్సింది దాదాపు 40 వేలు. అక్క జీతం 45 వేలు.

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి, కింద గీత కొట్టి, నోటుబుక్ మూసేసింది. "పండుకో" అంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

పొద్దున్నే జల్‌గావ్ చుట్టుపక్కల కిటికీ నిండా అరటి తోటలు. అక్క వాటిని చూస్తూ, "వీటిని ఎట్ల నిలువ చేస్తరో" అంది. టూరిస్టులు తోట చూస్తారు, మా అక్క గోడౌన్ వెతుకుతుంది.

ఎవరు 'పెద్దవాళ్లు'?

ముందు కొన్ని విషయాలు క్లియర్ చేసుకుందాం. క్యాట్ పరీక్షకి వయసు పరిమితి లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45 శాతం. కాకపోతే క్యాట్‌తో వెళ్లే రెండేళ్ల కోర్సులో ఎక్కువమంది అప్పుడే డిగ్రీ అయినవాళ్లో, రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లో. అక్కడ 28 ఏళ్లవాడు అన్నయ్య, 35 ఏళ్లావిడ ఆంటీ. మన దగ్గర 'లేటు' అనే మాట పుట్టింది ఈ రెండేళ్ల కోర్సు లెక్క నుంచే.

ఏడాది కోర్సుల లెక్క వేరు. ఐఐఎం బెంగళూరు ఈపీజీపీకీ, ఐఐఎం కలకత్తా ఏడాది కోర్సుకీ కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలి. అంటే కుర్రాళ్లు అడిగినా తీసుకోరు. మన గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఐఎస్‌బీ ఏడాది కోర్సుకూ ఉద్యోగం చేసినవాళ్లే వెళ్తారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఎంఎస్ఎక్స్ అనే ఏడాది కోర్సు నడుపుతుంది, దానికి కనీసం 8 ఏళ్ల అనుభవం కావాలి. అక్క పదకొండేళ్లు ఒకచోట అడ్డు, ఇంకోచోట గేట్‌పాస్.

పీజీపీఎక్స్‌కి జీమ్యాట్ లాంటి పరీక్ష రాయాలి. ఇప్పటి జీమ్యాట్ 2 గంటల 15 నిమిషాలు. మ్యాథ్స్, ఇంగ్లిష్, డేటా ఇన్‌సైట్స్ అని 3 సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. ఈ చివరి ముక్క పిల్లలున్నవాళ్లకి చాలా ముఖ్యం. పరీక్ష ఈ ఏడాది రాసి, ఇల్లు చక్కబెట్టుకుని రెండేళ్ల తర్వాత కూడా అప్లై చేయొచ్చు.

మిల్లుల ఊళ్లో మేనేజ్‌మెంట్ బడి

అహ్మదాబాద్ పాత బట్టల మిల్లుల ఊరు. ఒకప్పుడు దీన్ని ఇండియా మాంచెస్టర్ అనేవాళ్లు. మిల్లు యజమాని కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్, మిల్లు కుటుంబంలో పుట్టిన శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ కలిసి ముందు బట్టల పరిశ్రమ కోసం అటిరా అనే పరిశోధన సంస్థ పెట్టారు. తర్వాత 1961లో కేంద్రం, గుజరాత్ ప్రభుత్వం, పరిశ్రమలు చేతులు కలిపితే ఐఐఎం వచ్చింది. మొదట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తోడ్పడింది. అటిరా, ఐఐఎం రెండూ ఇప్పటికీ వస్త్రాపూర్ దగ్గర్లోనే ఉన్నాయి.

ఆటోలో వెళ్తూ ఇది చెప్తుంటే అక్క కాసేపు మాట్లాడలేదు. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు వరంగల్‌కి గుండెకాయలా ఉండేది. అది మూతపడ్డాక ఎన్ని ఇళ్లు ఎటు చెదిరిపోయాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. అహ్మదాబాద్‌లోనూ చాలా మిల్లులు మూతపడ్డాయి. కానీ మిల్లులు బతికున్న రోజుల్లోనే అక్కడివాళ్లు ఆ డబ్బుతో బళ్లు కట్టారు. మిల్లులు పోయినా బళ్లు మిగిలాయి.

"మనకు మిల్లు పోయింది, జాగ పోయింది. ఏం మిగిలిందిరా?" అంది అక్క. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. భాష అర్థం కాకపోయినా గొంతు అర్థమైనట్టుంది.

52 ఏళ్లకి తెలిసిన పేరు

క్యాంపస్‌లోకి ఊరికే వెళ్లనివ్వరు. నా ఇంజినీరింగ్ కాలేజీ జూనియర్ అక్కడ రెండేళ్ల కోర్సులో ఉన్నాడు. వాడు గేటు దగ్గర పేర్లు రాయించి తీసుకెళ్లాడు.

లోపల అంతా ఇటుక. ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తున గుండ్రటి కంతలు, వాటి కింద కాంక్రీట్ పట్టీలు, పైన విల్లులా వంగిన ఇటుక వరసలు. పొద్దెక్కేకొద్దీ ఆ కంతల్లోంచి పడే వెలుగు ముక్కలు గోడల మీద నెమ్మదిగా జరుగుతుంటాయి. బయట ఎండ మండుతున్నా వరండాలో చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూస్తే కొన్ని ఇటుకలు పెచ్చులూడుతున్నాయి. పాత హాస్టళ్లలో చాలావాటిని కూల్చేస్తామని 2020 చివర్లో ప్రకటించడం, ప్రపంచమంతా ఆర్కిటెక్టులు గొడవ చేయడం, కొన్ని రోజులకే వెనక్కి తగ్గడం, తర్వాత మళ్లీ ఆ మాట రావడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. లైబ్రరీని మాత్రం చక్కగా బాగుచేశారు. ఆ పనికి 2019లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

ఇదంతా గీసింది లూయీ కాన్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్. ఆయన్ని ఇక్కడికి రప్పించింది మన బి.వి. దోషి. తర్వాత ఐఐఎం బెంగళూరుకి డిజైన్ ఇచ్చింది, 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నదీ ఆయనే. కాన్ పుట్టింది 1901లో, ఎస్టోనియాలో. చిన్నప్పుడు ముఖం కాలి మచ్చలు మిగిలిపోయాయి. పేద కుటుంబం. అమెరికాకి వలస వెళ్లి చదువుకున్నాడు. ఆయనకి పేరు తెచ్చిన మొదటి పెద్ద కట్టడం, యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ, పూర్తయింది 1953లో. అంటే ఆయనకి అప్పటికి 52. ఈ క్యాంపస్ పని ఒప్పుకునేటప్పటికి 60 దాటాయి. 1974 మార్చిలో ఇండియా వచ్చి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో గుండెపోటుతో చనిపోయాడు.

"52కు మొదలువెట్టిండా?" అంది అక్క.

"52కి పేరొచ్చింది. అంతకుముందు 30 ఏళ్లూ పని చేస్తూనే ఉన్నాడు" అన్నాను.

"గదీ" అంది. ఆ ఒక్క మాటే. కానీ పెద్ద మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆ గోడలకేసి చూసింది.

ఈ సంస్థకి మొదటి పూర్తికాలపు డైరెక్టర్ రవి మత్తాయ్. 1965లో ఆ కుర్చీలో కూర్చునేటప్పటికి ఆయనకి 38 ఏళ్లు. చేతిలో ఎంబీయే లేదు, పీహెచ్‌డీ లేదు. కంపెనీలో పనిచేసి, తర్వాత పాఠాలు చెప్పడానికొచ్చిన మనిషి. 1972లో డైరెక్టర్ పదవి వదిలేసి అదే క్యాంపస్‌లో మామూలు ప్రొఫెసర్‌గా కొనసాగాడు. ఆ తర్వాత రాజస్థాన్‌లోని జవాజాలో నేతగాళ్లు, తోలు పనివాళ్లతో కలిసి పనిచేశాడు. ఎంబీయే బడిని నిలబెట్టిన మనిషే ఇవాళ్టి భాషలో 'నాన్ ట్రెడిషనల్ క్యాండిడేట్'.

గుర్రపు నాడా క్లాసులో అనుభవం ఖరీదు

జూనియర్ ఒక ఖాళీ క్లాస్‌రూమ్ తలుపు తీసి చూపించాడు. గుర్రపు నాడా ఆకారంలో మెట్లు మెట్లుగా సీట్లు, ఎదుట పేరు పలకలు, మధ్యలో ప్రొఫెసర్ తిరిగే ఖాళీ చోటు. ఇక్కడ పాఠం కేస్ మెథడ్‌లో నడుస్తుంది. హార్వర్డ్ నుంచి వచ్చిన పద్ధతి. ఒక కంపెనీలో ఎవరికో వచ్చిన చిక్కు కాగితాల మీద ఇస్తారు. రాత్రి చదువుకుని రావాలి. పొద్దున ప్రొఫెసర్ జవాబు చెప్పడు, అడుగుతాడు. "మీరైతే ఏం చేస్తారు?"

బిజినెస్ స్కూళ్లు అనుభవం ఎందుకు అడుగుతాయో నాకు అక్కడ అర్థమైంది. ఈ పద్ధతిలో పక్క సీటువాడే సగం పాఠం. గది నిండా నాలాంటి కోడ్ రాసేవాళ్లే ఉంటే, అందరి జవాబూ ఒకటే. కరెంటు పోయి జనరేటర్ మొరాయించిన మే నెల మధ్యాహ్నం, లోపల లక్ష బస్తాలు, బయట రైతులు... ఆ రోజు ఏం చేశారో చెప్పగలిగేవాళ్లు ఆ గదికి కావాలి. మన దగ్గర ఇంజినీర్లకి కొదవ లేదు, అప్లికేషన్ల కుప్పలో నాలాంటివాళ్లే వేలమంది. ఆ కుప్పలో అక్క ఒక్కతే కనపడుతుంది. అలాగని కనపడగానే సీటొస్తుందని కాదు. పదమూడేళ్ల కింద వదిలేసిన లెక్కలు ఇప్పుడూ చేయగలనని పరీక్షలో చూపించాల్సిందే.

నేవీ ఆయన చెప్పిన నిజం

మధ్యాహ్నం టీ దగ్గర పీజీపీఎక్స్ చదువుతున్న ఒకాయన్ని జూనియర్ పరిచయం చేశాడు. నేవీలో ఇంజినీర్‌గా చేసి వచ్చాడు, 38 ఏళ్లు. మార్వాడీ వ్యాపారులతో రోజూ బేరాలాడే అక్క హిందీకి తిరుగులేదు. సూటిగా అడిగింది.

"ఈ వయసులో వచ్చినందుకు ఏం పోయింది?"

ఆయన నవ్వాడు. పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏడాది జీతం. కూతురి స్కూల్ యాన్యువల్ డే. నిద్ర. ఆపైన అసలు మాట చెప్పాడు. పదేళ్లు దాటిన అనుభవంతో వచ్చినవాళ్లకి కొత్త రంగంలో కింది మెట్టు ఉద్యోగం ఇవ్వరు, నేరుగా పై మెట్టు ఇవ్వడానికి కంపెనీలు జంకుతాయి. అందుకే చాలామంది తెలిసిన రంగంలోనే పైకి వెళ్తారు. ఉన్న రంగం, చేసే పని, ఉండే ఊరు మూడూ ఒకేసారి మార్చేద్దామని వచ్చినవాళ్లకే ఎక్కువ కష్టం.

"ఇంటర్వ్యూలో వయసు అడుగుతారా?" అన్నాను నేను.

"వయసు అడగరు. ఇప్పుడే ఎందుకు అని అడుగుతారు. ఐదేళ్ల కింద ఎందుకు రాలేదు, ఐదేళ్ల తర్వాత ఎందుకు కుదరదు. దీనికి జవాబు లేకపోతే 25 ఏళ్లవాడైనా ఇంటికే."

ఆయన వెళ్లాక అక్కని అదే అడిగాను. "ఇప్పుడే ఎందుకక్కా?"

కాసేపాగి చెప్పింది. "రైతు సరుకు మా దగ్గర పెట్టి, ఆ రసీదు పట్టుకొని బ్యాంకుకు పోతే అప్పు పుట్టాలె. చట్టం 2007లనే వచ్చింది. 2017 నుంచి రసీదు కంప్యూటర్‌లనే ఇస్తున్నరు. కానీ చిన్న రైతు ఇంకా షావుకారి దగ్గరికే పోతున్నడు. ఎందుకు పోతున్నడో నాకు తెలుసు. దాన్ని మార్చాలంటే బ్యాంకోళ్ల ముందట కూసొని వాళ్ల భాషల మాట్లాడాలె. అది నాకు రాదు. ఐదేండ్ల కింద నాకు రోగం తెల్వదు. ఇంకో ఐదేండ్లయితే ఓపికుండదు."

నేను ఫోన్‌లో నోట్స్ తెరిచి, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు టైప్ చేసుకున్నాను. అప్లికేషన్ వ్యాసంలో రాయాల్సింది ఇదే. నిఘంటువు ఇంగ్లిష్ అక్కర్లేదు.

శాంపిల్ పంపడమే

సాయంత్రం వస్త్రాపూర్ చెరువు గట్టు మీద నడుస్తూ నోటుబుక్ మళ్లీ బయటికొచ్చింది. రైల్లో రాసిన 40 వేలు, 45 వేలు అలాగే ఉన్నాయి. క్యాంపస్ ఎంత నచ్చినా ఆ అంకెలు మారవు కదా. చిన్న రైతుల కోసం పనిచేస్తానంటే పెద్ద జీతం రాదు. పెద్ద జీతం రాకపోతే అప్పు తీరదు. ఈ ముడి ఆ గోడలు చూసినంత మాత్రాన విడిపోదు.

అయినా అక్క మొహంలో రాత్రి ఉన్న బరువు లేదు. కారణం తనే చెప్పింది. "అప్లై చేసుడంటే మార్కెట్‌కు శాంపిల్ పంపుడేరా. సరుకు అమ్మినట్టు కాదు. రేటు వాళ్లు చెప్పనీ. నచ్చకపోతే బస్తాలు వాపసు తెచ్చుకుంటం."

ఆ గట్టు మీదే కనీస ధర రాసుకుంది. స్కాలర్‌షిప్‌తో కలిపి అప్పు 15 లక్షలు దాటకపోతేనే అహ్మదాబాద్. లేదంటే ఐఐఎం విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ చదివే కోర్సు. జీతం పోదు, పాప స్కూలు మారదు. రెండూ కాకపోతే స్కోరు ఐదేళ్లు చేతిలో ఉంటుంది. బావకి ఫోన్ చేసి ఈ మూడు వరసలూ చదివి వినిపించింది. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "సరే, పాపకు బడి దగ్గర ఆటో మాట్లాడాల్నా మరి?" అన్నాడు. భయం ఖర్చుల్లోకి దిగిందంటే సగం ఒప్పుకున్నట్టే.

మీలో ఎవరైనా ముప్పైల్లో ఉండి, బీకాంతోనో బీఏతోనో ఏళ్ల తరబడి ఒకే పని చేస్తూ, లోపల ఈ ఆశ ఉంచుకుంటే ఒక మాట చెప్తాను. మార్కెట్‌లో కొనేవాడు ఏసీ మిర్చినీ, మూలన పడేసిన పాత మిర్చినీ ఒకే గాటన కట్టడు. రెండూ నిరుటివే. కానీ బస్తా విప్పగానే రంగు చెప్పేస్తుంది, దీన్ని ఎవరో జాగ్రత్తగా కాపాడారని. మీ ఏళ్లు ఎన్ని అని కాకుండా, ఆ ఏళ్లలో ఏం నేర్చుకున్నారో బస్తా విప్పి చూపించండి. విప్పేముందు మాత్రం మీ కనీస ధర మీరు రాసిపెట్టుకోండి.

అక్క ఇప్పుడు జీమ్యాట్‌కి తయారవుతోంది. పాప హోంవర్క్ అయ్యాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. ప్రాబబిలిటీ అంటే ఇంకా మంటే. ఇంగ్లిష్ పేరాలు రెండుసార్లు చదవాల్సి వస్తోంది. మొన్న వీడియో కాల్‌లో డేటా ఇన్‌సైట్స్ సెక్షన్ మొదటిసారి చూపించాను. నిలువు వరసలు, అడ్డ వరసలు, ఏది పెరిగింది, ఏది తగ్గింది అని ఒక పెద్ద పట్టిక. అక్క కళ్లజోడు సర్దుకుని, స్క్రీన్ దగ్గరికి జరిగి, గట్టిగా నవ్వింది.

"ఇది మా స్టాక్ రిజిస్టరే కదరా!"